ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న మేనల్లుడికి

నల్లగొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బత్తాయి రైతులకు రోజువారీ ధరలు చూపే యాప్‌ను, గూగుల్ వారి యాప్ తయారీ సాధనమైన ఫ్లట్టర్‌లో చేయబోతున్నావని అక్కయ్య చెప్పగా విని సంతోషించాను. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ వస్తుందన్నది నిజమే గాని, ఐఫోన్ కోసం బిల్డ్ చేయాలంటే, అంటే కోడ్‌ను యాప్‌గా మలచాలంటే, ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్, అది నడవాలంటే మ్యాక్ కంప్యూటర్ కావాలి. పైగా ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. ప్లే స్టోర్‌కైతే ఒక్కసారి 25 డాలర్లు చాలు. దేవరకొండ వైపు తోటల్లో నేను చూసినవన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే కనుక ముందు వాటి సంగతి చూడు.

ఎస్‌డీకే, అంటే ఫ్లట్టర్ పనిముట్ల మూట, ఎక్కించాక, అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే 'ఫ్లట్టర్ డాక్టర్' ఆదేశం ఇచ్చి, ఆండ్రాయిడ్ టూల్‌చైన్ (ఆండ్రాయిడ్ యాప్‌ను తయారుచేసే పనిముట్లు) పక్కన పచ్చ టిక్కు పడేదాకా ముందుకు పోవద్దు.

ప్రాజెక్టు సృష్టించేటప్పుడు సంస్థ పేరు నువ్వు ఇవ్వకపోతే ఫ్లట్టర్ తనంతట తానే 'కామ్.ఎగ్జాంపుల్' అని పెడుతుంది, ఆ పేరును ప్లే స్టోర్ తీసుకోదు. తెర మీద కనిపించే పేరును ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు గాని, ఆ సంస్థ పేరుకు ప్రాజెక్టు పేరు చేరి ఏర్పడే అప్లికేషన్ ఐడీ, అంటే స్టోర్ యాప్‌ను గుర్తుపట్టే పేరు, ఒకసారి ప్రచురించాక ఇక మారదు. చాలామంది లోగో కోసం వారం రోజులు తలబద్దలు కొట్టుకుని, ఈ ఐడీని అరనిమిషంలో టైపు చేసి వదిలేస్తారు.

యాప్ నీదేనని రుజువు చేసే సంతకపు తాళం, అంటే కీస్టోర్ ఫైలు, విషయంలో నేను దెబ్బతిన్నవాణ్ణి. నా మొదటి యాప్ కీస్టోర్ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండేది. హార్డ్‌డిస్క్ పోయింది, అసలు తాళాన్ని గూగుల్ దగ్గరే ఉంచే ప్లే యాప్ సైనింగ్‌లో నేను చేరి ఉండలేదు, దాంతో అప్‌డేట్ ఇచ్చే దారి లేక అదే యాప్‌ను కొత్త ఐడీతో మళ్లీ పెట్టి, వాడుకరులను ఒక్కొక్కరినే బతిమాలుకోవలసి వచ్చింది. ఇప్పుడు అసలు తాళాన్ని గూగుల్ భద్రపరుస్తుంది, యాప్‌ను స్టోర్‌కు పంపేటప్పుడు వాడే నీ దగ్గరి అప్‌లోడ్ తాళం పోయినా కొత్తది అడగవచ్చు. అయినా రెండు చోట్ల నకలు దాచుకో; ఆ ఫైలునూ, సంకేతపదాలున్న 'కీ.ప్రాపర్టీస్'నూ కోడ్ మార్పులను దాచి పంచుకునే గిట్‌లోకి పోనివ్వకు. ప్యాకేజీల, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటల, వెర్షన్లు నమోదయ్యే 'పబ్‌స్పెక్.లాక్' మాత్రం గిట్‌లో ఉండాలి, లేకపోతే నీ స్నేహితుడి కంప్యూటర్‌లో ప్యాకేజీల వెర్షన్లు వేరై, నీ దగ్గర నడిచింది అక్కడ నడవకపోవచ్చు.

కనిపించిన ప్యాకేజీనల్లా చేర్చకు. కొన్ని ప్యాకేజీలు కనీస ఆండ్రాయిడ్ వెర్షన్‌ను పెంచమంటాయి, పెంచితే పాత ఫోన్లున్న రైతులకు యాప్ అసలు ఎక్కదు. కంప్యూటర్‌లో ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌ను నమ్ముకోక మీ నాన్న పాత ఫోన్‌లోనే పరీక్షించు.

2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే స్టోర్ డెవలపర్ ఖాతాలకు, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంపిక చేసినవారు మాత్రమే వాడి చూసే పరీక్ష) చేయించాలన్న నిబంధన ఉంది. మన ఇళ్లలో నలుగురం ఉన్నాము, మిగిలిన ఎనిమిది మందిని బత్తాయి కోతలు మొదలవకముందే అడిగిపెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య