పైన్ నాటబోయే అమ్మడికి మావయ్య ఉత్తరం

అమ్మడూ,

మీవైపు ఎవరూ పెంచని పైన్ చెట్ల విత్తనం బయటి దేశం నుంచి తెప్పిస్తున్నావని అక్క చెప్పింది. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నర్సరీల్లో ఇన్నేళ్లు గడిపినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

గుంత, నీళ్లు, నీడ నీకు తెలిసినవే. సంచిలో వేరు చుట్టలు తిరిగిన మొక్కను మాత్రం అలాగే నాటకు. ఆ చుట్ట నేలలోనూ విడదు, పెద్దయ్యాక గాలికి చెట్టు ఒరిగిపోతుంది.

విత్తనం ఏ జాతిదో అమ్మేవాళ్లను అడిగావు, సరే. ఏ ప్రాంతపు చెట్టుదో అడిగావా? చలిదేశపు చెట్లు చాలావరకు పగటి పొడవు చూసి ఎదుగుదల ఆపుకుంటాయి. వాటిని భూమధ్యరేఖ దగ్గరికి తెస్తే పగళ్లు కురచగా ఉండి, ఇంకా వెచ్చగా ఉండగానే ఆగిపోతాయి. "అదే అలవాటు పడుతుందిలే" అనకు. చెట్టు తన ఆకునీ వేరునీ కొంత సర్దుకుంటుంది గానీ, పుట్టుకతో వచ్చిన ఈ లెక్కను మార్చుకోలేదు. అది తరాల మీద మారాలి. అందుకే నీ దగ్గర బాగా నిలదొక్కుకున్న చెట్ల విత్తనమే మళ్లీ దాచుకో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో 1930ల నుంచి పైన్ పెంచాలని చూశారు. గింజలు మొలిచేవి. మొలకలు కాస్త ఎదిగి, పసుపు రంగుకు తిరిగి, గిడసబారి చచ్చిపోయేవి. లోపం చెట్టుది కాదు. పైన్ వేళ్ల కొసలకు తొడుగులా అల్లుకుని, మట్టిలోని భాస్వరాన్ని అందించే మైకోరైజా శిలీంధ్రం ఒకటుంటుంది. పైన్ అడవులే లేని ఆ దీవి మట్టిలో పైన్‌కి పొసిగే శిలీంధ్రం లేదు. సముద్రం దాటి గింజ ఒక్కటే వచ్చింది, దాని తోడు వెనకే ఉండిపోయింది. 1950ల్లో అమెరికా పైన్ తోటల మట్టి తెచ్చి కలిపాక గానీ మొక్కలు పుంజుకోలేదు. అన్నేళ్లు ఎన్ని మొక్కలు ఆకలితో పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అలాగని నువ్వు మట్టి మూట కట్టి తెప్పిస్తానంటే ఊరుకోను! ఆ మట్టితో తెగుళ్లూ వస్తాయి. నీ జాతికి సరిపడే శుభ్రమైన మైకోరైజా కల్చర్, అంటే విడిగా పెంచి అమ్మే ఆ శిలీంధ్రాన్ని, కొని నారుమడిలోనే కలుపు. చిన్నప్పుడు మొలకెత్తిందా అని రోజూ గింజ తవ్వి చూసేదానివి, నేను తిట్టేవాణ్ణి. ఇప్పుడు నేనే చెబుతున్నా, అక్కడక్కడా ఒక మొక్క తవ్వి చూడు తల్లీ. సన్నని వేళ్ల కొసలు పొట్టిగా, రెండుగా చీలి కనిపిస్తే తోడు కుదిరినట్టే.

కుదిరాక మొదటి ఏళ్ల జోరు చూసి మురిసిపోకు. కాలిఫోర్నియా తీరంలో కొద్దిచోట్ల, రెండు మెక్సికో దీవుల్లో మాత్రమే సహజంగా పెరిగే రేడియాటా పైన్ న్యూజిలాండ్‌లో లక్షల హెక్టార్లకు పాకింది. నేల, వాన కలిసొచ్చాయి, పాత శత్రువులు చాలావరకు వెనకబడిపోయాయి. కానీ 1960ల్లో సూది ఆకుల తెగులు అక్కడికీ చేరింది, రాగి మందు చల్లాల్సి వచ్చింది. అందుకే తోటంతా ఒకే విత్తనంతో నింపకు.

ఇంకో భయం, చెట్టు మరీ బాగా అలవాటు పడిపోవడం. పైన్ గింజకు రెక్క ఉంటుంది. అదే న్యూజిలాండ్‌లో కాంటోర్టా పైన్ గాలివాటున కొండలెక్కి, అక్కడి గడ్డినేలల్ని కమ్మేసింది. దాన్ని తీయించడానికి ఇప్పటికీ ఖర్చు పెడుతున్నారు. కాయలు మొదలయ్యాక ఏటా నీ కంచె దాటి, గాలి వీచేవైపు చాలా దూరం నడిచి చూడు. తనంతట మొలిచిన మొక్క కనిపిస్తే జాలిపడకుండా పీకెయ్.

కల్చర్ కొనేముందు డబ్బా మీది లేబుల్ ఫోటో నాకు పంపు.

ప్రేమతో,
మావయ్య