తిరుపతి దగ్గర జనం లేని జలపాతం ఉంది, పేరు మాత్రం చెప్పను

"తిరుపతి నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగలిగేలా, జనం పెద్దగా లేని అడవి జలపాతం, ఈత కొట్టడానికి మడుగు ఉన్నది ఎక్కడైనా ఉందా? గంట నడవాల్సి వచ్చినా పర్లేదు" అని అడిగారు.

ఉంది. పేరు చెప్పను. తిట్టుకుంటే తిట్టుకోండి. ఇంతకుముందు ఇలాగే ఒకాయన అడిగితే పాపం ఆశపడ్డాడు కదా అని ఇంకో కోనకి దారి చెప్పాను. మరుసటి ఏడాది నేను వెళ్లేసరికి బండల మీద పగిలిన బీరు సీసాలు, కొమ్మలకి చిప్స్ ప్యాకెట్లు, నీళ్లచప్పుడు వినబడకుండా ఒక స్పీకరు. అడవికి వచ్చి డీజే పెట్టుకునేవాళ్లు ఇంట్లో బాత్రూమ్‌లో షవర్ కింద నిలబడి పెట్టుకుంటే పోలా, అదీ నీళ్లే కదా.

పేర్లే కావాలంటే తలకోన ఉంది, 270 అడుగుల ఎత్తు, కింద సిద్ధేశ్వరస్వామి గుడి. నారాయణవనం దగ్గర కైలాసకోన ఉంది, ఎండాకాలంలో కూడా ధార ఆగదు. ఉబ్బలమడుగు ఉంది కానీ అది మనకంటే చెన్నై వాళ్లకి దగ్గర, ఆదివారం వెళ్తే నీళ్లకంటే తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి. తిరుమల కొండ మీద తుంబురు తీర్థం అందం గురించి చెప్పక్కర్లేదు గానీ ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తీర్థ ముక్కోటి ఉత్సవం అప్పుడే జనాన్ని వదుల్తారు, ఆ రోజు ఏకాంతం అనే మాటే మర్చిపోవాలి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఎక్కడికి వెళ్లాలో కాదు. ఈత సంగతి.

2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పడవలు తిరగాల్సినంత వాన పడింది గుర్తుందా, అలిపిరి మెట్ల మీద నీళ్లు జలపాతంలాగా దూకిన వీడియోలు అందరూ చూసే ఉంటారు. ఆ వానకి మన కొండలన్నీ నానిపోయి, సంక్రాంతి దాకా వంకలు పారుతూనే ఉన్నాయి. పండక్కి మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు, వాడితో ఇద్దరు ఫ్రెండ్స్. "మామా, ఎక్కడికైనా తీసుకుపో" అని ఒకటే గోల. సరే, కాలేజీ రోజుల నుంచి నాకు తెలిసిన మడుగు ఒకటుంది పుత్తూరు వైపు, ఊరి చివర మామిడితోట దాటి వంక పట్టుకుని గంట నడిస్తే వస్తుంది, నిమ్మకాయ పులిహోర కట్టించుకుని బయలుదేరాం.

దారిలో ఒక మేకల తాత ఎదురయ్యాడు. భుజాన దోటి, అదే, మేకలకి ఆకు కోయడానికి పొడుగాటి వెదురుకి కొసన కొడవలి కట్టి ఉంటుందే, అది. మమ్మల్ని చూసి "గుండానికేనా? ఈతూరి దిగబాకండి నాయనా, వరదకి అంతా మారిపోయినాది" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నాకు తెలుసులే తాతా, ఇరవై ఏళ్లుగా వస్తా ఉండా" అన్నాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. పైగా పిల్లలకి ధైర్యం కూడా చెప్పాను, మెడలోతు మించదు, అడుగున అంతా ఇసకేనని.

మడుగు చూడగానే పిల్లలు అరిచేశారు. ఇవతలి ఒడ్డున నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు, చిన్న చేపలు తిరుగుతున్నాయి. అవతల ధార పడేచోట తెల్లటి నురగ. మా అక్క కొడుకు చొక్కా విప్పి, నేను వద్దనేలోపే, వద్దనే ఉద్దేశం కూడా నాకు లేదులెండి, ధార పక్కన బండెక్కి నురగలోకి దూకాడు.

లేచాడు, నవ్వాడు, ఆ నవ్వు సగంలో ముఖం మారిపోయింది. నురగ కింద ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన బండరాయి ఒకటి ఉంది, దూకినప్పుడు కాలు దాని మీద పడి మడమ తిరిగింది, అక్కడి నుంచి జారి లోతులోకి పోయాడు. వాడికి ఈత రాదని కాదు, బెంగళూరులో ఆర్నెల్లు ఫీజు కట్టి మరీ నేర్చుకున్నాడు. కానీ స్విమ్మింగ్‌పూల్‌లో నీళ్లు కదలవు, వేడెక్కి ఉంటాయి, అలిసిపోతే పట్టుకోవడానికి గోడ ఉంటుంది. ఇక్కడ పైన గోరువెచ్చ, కింద ఐసు. నురగలో సగం గాలే కదా, అది మనిషిని మోయదు, ఎంత కాళ్లు కొట్టినా చేతికి ఏమీ తగలదు. రెండుసార్లు మునిగాడు. అరవలేదు. మునిగేవాడు సినిమాలోలాగా "కాపాడండి" అని అరుస్తాడనుకుంటాం గానీ నోట్లో నీళ్లుంటే అరుపెక్కడ వస్తుంది, తల ఊరికే పైకీ కిందకీ ఆడుతుంది అంతే.

నేను దిగబోయాను. వెనక నుంచి ఎవరో భుజం పట్టి ఒక్క గుంజు గుంజారు. తాత. మా మీద నమ్మకం లేక మేకల్ని వదిలేసి వెనకే వచ్చాడట.

"ఒగన్ని తియ్యాల్నా, ఇద్దర్ని తియ్యాల్నా?" అన్నాడు.

తను కూడా నీళ్లలోకి దిగలేదు. బండ మీద బోర్లా పడుకుని దోటి చాచాడు. కొడవలి ఉన్న కొస వాడి వైపు పోతే ప్రమాదం కదా, అందుకని దాన్ని తిప్పి కొడవలి వైపు తను పట్టుకుని మొదలు వాడికందించాడు. వాడు పట్టుకున్నాడు, తాత లాగాడు, నేనూ ఇంకో పిల్లోడూ తాత కాళ్లు పట్టుకున్నాం. వాణ్ని ఒడ్డుకి చేర్చి చూస్తే తాత అరచేయి తెగి రక్తం కారుతోంది. నా టవలు ఇస్తే "కొత్త గుడ్డ ఎందుకు" అని తన తలగుడ్డే చించి కట్టుకున్నాడు.

కాస్త తేరుకున్నాక నన్ను పిలిచి, ఇవతలి అద్దం లాంటి నీళ్లలో దోటి నిలువుగా దించాడు. పన్నెండడుగుల వెదురు, దిగింది, దిగింది, ఆయన మోచేయి దాకా మునిగినా అడుగు తగల్లేదు. వరద ఇసకంతా ఎత్తుకుపోయింది. గిన్నెలో రూపాయి బిళ్ల వేసి నీళ్లు పోస్తే బిళ్ల పైకి లేచినట్టు కనిపిస్తుందని బళ్లో చదువుకున్నాం కదా, అదే లెక్క, పన్నెండడుగుల లోతు పైనుంచి చూస్తే తొమ్మిది అడుగుల్లా ఉంటుంది. నా కంటికి మాత్రం ఆ రోజు అయిదే కనిపించింది, అది పాత జ్ఞాపకం చూపించిన లోతు.

మా కాలంలో ఈత అంటే వీపుకి బెండు కట్టి బావిలోకి తోసేవాళ్లు, మా నాయనే తోశాడు నన్ను. లోతు అంటే ఏంటో, నీళ్లంటే భయం ఎంత ఉండాలో అక్కడే తెలిసేది. ఇప్పుడు వెయ్యి అడుగుల బోర్లేసి ఆ బావులన్నీ ఎండబెట్టుకున్నాం, చెత్త వేసుకోవడానికి పనికొస్తున్నాయి. పిల్లలు పూల్‌లో నేర్చుకుని కోనల్లో దూకుతున్నారు. ఈతకి ఫీజు కట్టే రోజొస్తుందని మా నాయనకి చెప్పుంటే నవ్వేవాడు.

సరే, మీ ప్రశ్న. నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం, మన కోనలకి నీళ్లు తెచ్చేది ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలే. మే నెలలో ఫోన్ చేసి "నీళ్లున్నాయా" అని అడక్కండి. రిజర్వు ఫారెస్టు అయితే అనుమతి అడిగి వెళ్లండి, ఎర్రచందనం గొడవల వల్ల మన అడవుల్లో సంచి భుజాన వేసుకున్న ప్రతివాడూ అనుమానితుడే. నీళ్లు ఎర్రబారి ఆకులు కొట్టుకొస్తుంటే పైన ఎక్కడో వాన పడుతోందని అర్థం, తింటున్న అన్నం వదిలేసి గట్టెక్కండి. మేకలవాళ్లు ఏమైనా చెబితే నాలాగా "నాకు తెలుసులే" అనకండి.

తాత మాతో కూర్చుని పులిహోర తిన్నాడు, ఉప్పు తక్కువైందన్నాడు. డబ్బిస్తే తీసుకోలేదు, అగ్గిపెట్టె మాత్రం అడిగి తీసుకున్నాడు.

దిగాక వాణ్ని నేరుగా పుత్తూరు కట్టుకి తీసుకెళ్లాం, వెదురు బద్దలు పెట్టి కట్టి పంపించారు. ఇక అక్కకి ఏం చెప్పాలి? శ్రీవారి మెట్టు ఎక్కుతూ పడ్డాడని చెబుదామంటే వరదకి దెబ్బతిని అది అప్పటికి మూసే ఉంది, అక్కకి ఆ సంగతి తెలుసు. అందుకని అలిపిరి మెట్ల మీద జారాడన్నాం. స్వామి మెట్ల మీద పడి కూడా ప్రాణంతో బయటపడ్డాడని అక్క అక్కడికక్కడే మొక్కేసుకుంది. నెల తిరక్కుండా వాడికి గుండు కొట్టించింది, పక్కనే ఉండి పట్టుకోలేకపోయానని నాకు కూడా.