ఆఫ్‌సెట్ డబ్బుతో ఓడ ఉత్తరాలు కొనొచ్చా?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటాం. నాకు 42 ఏళ్లు, ఐటీ ఉద్యోగం, ఇంట్లో సంపాదన నా ఒక్కడిదే. ఇంటి లోను ఆఫ్‌సెట్ ఖాతాలో (అందులో ఉన్నంత సొమ్ముకు లోను వడ్డీ పడదు) 65 వేల డాలర్లు ఉన్నాయి. చిన్నప్పటి నుంచి స్టాంపుల పిచ్చి. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా వలస రాజ్యాల కాలపు ఓడ ఉత్తరాలూ (ఓడల మీద వెళ్లిన టపా) పాత కవర్లూ మొత్తం 60, ఒకే లాటుగా 40 వేలకు ఇస్తానని ఒక డీలరు అంటున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత బాబు యూనివర్సిటీ ఫీజులకు అక్కరకొస్తాయని నా ఆశ. మా ఆవిడ ససేమిరా అంటోంది. సొంత సూపర్ ఫండ్‌లో (రిటైర్మెంట్ కోసం సొంతంగా నడుపుకునే నిధి) పెట్టి కొంటే ఎలా ఉంటుంది?

జవాబు: కొనకండి. ఆ లాటు కొనకండి, ఆ డబ్బుతో కొనకండి. ఓడ ఉత్తరాల జోలికే వెళ్లొద్దని కాదు, వాటి సంగతి తర్వాత చెప్తాను. ముందు లెక్క చూద్దాం.

లోను వడ్డీ ఎంతో మీరు రాయలేదు. 6 శాతం అనుకుందాం. ఆఫ్‌సెట్‌లో 40 వేలు కదలకుండా ఉంటే ఏడాదికి 2,400 డాలర్ల వడ్డీ తప్పుతుంది. తప్పిన వడ్డీ ఆదాయం కాదు కాబట్టి దాని మీద పన్ను లేదు. మిగిలింది మిగిలినట్టు అక్కడే ఉంచితే ఎనిమిదేళ్లకు ఆ 40 వేలు సుమారు 63,750 అయినట్టు లెక్క. కవర్లు అమ్మిన రోజు కనీసం అంతైనా మీ చేతికి రావాలి. అమ్మేవారి దగ్గర వేలం సంస్థ 15 శాతం కమీషన్ పట్టుకుంటుందనుకుంటే, పాట 75 వేల దగ్గర ఆగాలి. అంటే ఇవాళ డీలరు చెప్పిన రేటు మీద ఇంకో 88 శాతం దాకా పెరగాలి. అదీ ఆయన చెప్పిన రేటు నిజం అయితే. అది షాపు రేటు. అవే కవర్లు వచ్చే నెల వేలానికి పెడితే పాట అక్కడిదాకా పోతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

డీలరును వదిలేసి మీరే వేలంలో కొన్నా రెండు వైపులా కోత ఉంటుంది. పాట వెయ్యి డాలర్ల దగ్గర ఆగితే, కొనేవారి ప్రీమియం (పాట మీద అదనంగా వేలం సంస్థకు కట్టేది) 20 శాతం అనుకుంటే మీరు కట్టేది 1,200. అదే కవరును అదే వెయ్యికి అమ్మితే చేతికొచ్చేది 850. నష్టం లేకుండా బయటపడాలంటే పాట 1,412 దాటాలి. పదేళ్లు పట్టి ఉంచితే ఏడాదికి మూడున్నర శాతం పెరుగుదల ఈ ఖర్చులకే పోతుంది. లాభం అన్న మాట ఆ తర్వాతే. ప్రీమియం, దాని మీద జీఎస్టీ, కార్డు ఛార్జీలు ఒక్కో సంస్థలో ఒక్కో రకం, పాట పాడకముందే నిబంధనల పేజీ చదవండి.

ఇంకో మాట. 65 వేలలో 40 తీస్తే మిగిలేది 25. నెలకు ఇల్లు గడవడానికి, లోను కంతుకు కలిపి 7 వేలు అవుతుందనుకుంటే అది మూడున్నర నెలల ఊపిరి. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలలది ఉండాలి. ఉద్యోగం పోయిన నెలలో ఓడ ఉత్తరాలు అమ్మడానికి బయల్దేరితే, కేటలాగు వేసి, వేలం నడిపి, డబ్బు మీ ఖాతాలో పడేసరికి నాలుగైదు నెలలు తేలిగ్గా గడుస్తాయి.

ఇక సరుకు సంగతి. ఇలాంటి లాటుల తయారీ దాదాపు ఒకేలా ఉంటుంది. పదో పన్నెండో మంచివి పైన, మిగతావి నింపుడు. ఆస్ట్రేలియా వలస రాజ్యాల విషయంలో నింపుడు అంటే ఎక్కువగా 1890ల వ్యాపార కవర్లు. 1891లో బ్రిటన్‌కు ఉత్తరం ధర రెండున్నర పెన్నీలకు దిగింది, ఉత్తరాలు కుప్పలుగా వెళ్లాయి, కుప్పలుగానే మిగిలాయి. వాటిలో చాలామటుకు విడిగా పెడితే కొనేవారే ఉండరు. డబ్బు పలికేవి 1850కి ముందు స్టాంపు లేకుండా వెళ్లిన మడత ఉత్తరాలు, 1850, 60లలో దారి మారినవి, టపా రేటు మారినవి, ఓడ మునిగినా బయటపడినవి. న్యూ సౌత్ వేల్స్ తొలి స్టాంపులు వచ్చిందే 1850 జనవరి 1న. అంతకు ముందువన్నీ చేతిరాత అంకెలూ రబ్బరు ముద్రల్లాంటి చేతి ముద్రలూ చూసి చదువుకోవాల్సినవే.

అలాంటి ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. 1835 ప్రాంతపు ఉత్తరం, సిడ్నీ నుంచి లండన్‌కు. కవరు లేదు, ఒకే కాగితం మడిచి లక్కతో అంటించారు. ముందు వైపు సిడ్నీ ఓడ ఉత్తరం ముద్ర, వెనక ఇంగ్లండ్‌లోని డీల్ రేవు ఓడ ఉత్తరం ముద్ర, అడ్రసు మీద సిరాతో 1/4 అని గీత. అంటే ఒక షిల్లింగ్, దాని మీద 4 పెన్నీలు. షిల్లింగ్‌కు 12 పెన్నీలు కాబట్టి మొత్తం 16 పెన్నీలు. ఎలా వచ్చింది? బ్రిటన్‌కు వచ్చే ఓడ ఉత్తరానికి 8 పెన్నీలు, అందులో 2 ఓడ కెప్టెన్‌వి. డీల్ నుంచి లండన్‌కు 70 మైళ్ల పైచిలుకు, 50 నుంచి 80 మైళ్ల దూరానికి ఇంకో 8. కలిపితే 16, సరిపోయింది. ఇప్పుడు అదే 1/4 గీత 1842 నాటి ఉత్తరం మీద చూశారనుకోండి. అప్పటికి దూరాన్ని బట్టి వసూలు చేయడం పోయింది. 1840 జనవరి నుంచి అర ఔన్సు దాకా 8 పెన్నీలు, ఔన్సు దాకా 16. కాబట్టి ఆ ఉత్తరం అర ఔన్సు దాటి బరువు ఉండాలి, లోపల ఇంకో కాగితం ఉండాలి. పల్చటి ఒంటి కాగితం మీద 1842 తేదీతో 1/4 ఉంటే తేదీ తప్పో, అంకె తర్వాత ఎవరో రాసిందో, లోపలి కాగితం పోయిందో తేలాలి. తేలకపోతే అది మంచి కవరు రేటుకు పోదు. 40 వేలు అడుగుతున్న ఆ 60లో ఒక్కొక్కదానికి ఈ లెక్క మీరు చెప్పగలరా? డీలరు చెప్పగలడా?

తనిఖీకి ఖర్చు పెద్దగా లేదు, ఓపికే కావాలి. కవరు మీద ఓడ పేరు రాసి ఉంటే ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వారి ట్రోవ్ వెబ్‌సైట్‌లో ఆ నెల పాత పత్రికలు తీసి ఓడల రాకపోకల కాలమ్ చూడండి, అది ఉచితం. ఉత్తరం లోపలి తేదీ, ఓడ బయల్దేరిన తేదీ, చేరిన ముద్ర తేదీ వరసగా కుదరాలి. తెరచాప ఓడకు సిడ్నీ నుంచి ఇంగ్లండ్‌కు నాలుగు నెలలు పట్టడం మామూలే, నలభై రోజుల్లో చేరినట్టు కనిపిస్తే ఎక్కడో ముద్ర అబద్ధం. బ్రిటిష్ ఓడల కంపెనీ పీ అండ్ ఓ వారి చుసాన్ స్టీమరు టపాతో సిడ్నీకి వచ్చింది 1852 ఆగస్టులో. అంతకు ముందు సిడ్నీలో బయల్దేరిన కవరును సిడ్నీ నుంచే పీ అండ్ ఓ స్టీమరు ఎక్కిందని అమ్మజూపితే నవ్వి పక్కన పెట్టండి. క్రిమియా యుద్ధం వచ్చాక స్టీమర్లు సైన్యం పనికి పోయి టపా మళ్లీ తెరచాపల పాలైంది. ఆ సందులో అంకెలూ దారులూ గజిబిజిగా ఉంటాయి, మోసానికీ ఆ గజిబిజే అనువు. తర్వాత కాలంలో సౌతాంప్టన్ దారికి 6 పెన్నీలు, ఫ్రాన్స్ మీదుగా మార్సెయిల్స్ దారికి అంతకంటే ఎక్కువ. కవరు మీద మార్సెయిల్స్ అని రాసి 6 పెన్నీల స్టాంపే ఉంటే, తక్కువ పడిందన్న ముద్రో, సౌతాంప్టన్‌కు మళ్లించిన గుర్తో కనిపించాలి.

స్టాంపు ఉన్న కవర్లలో ఎక్కువ జరిగే మోసం, వేరే స్టాంపు తెచ్చి అంటించడం. ముద్ర సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడి, గీత తెగకుండా కలవాలి. కలవకపోతే అనుమానించండి. పది కన్నా ఎక్కువ రెట్లు చూపే భూతద్దం, ఒక యూవీ టార్చి కొనుక్కోండి. 19వ శతాబ్దపు కాగితం యూవీ కింద మెరవకుండా మసకగా కనిపిస్తుంది. ఎక్కడైనా నీలి తెలుపుగా మెరిస్తే అక్కడ ఈ కాలపు కాగితంతో అతుకు వేశారు. ఓడ ప్రమాదాల కవర్లలో మాత్రం లెక్క తిరగబడుతుంది. 1875 మేలో ఇంగ్లండ్ పక్కన సిల్లీ దీవుల దగ్గర షిల్లర్ అనే ఓడ మునిగినప్పుడు అందులో ఆస్ట్రేలియా టపా ఉంది. నీళ్లలో నానిన ఉత్తరాల స్టాంపులు ఊడిపోవడం సహజం. అలాంటి కవరు మీద స్టాంపు నిగనిగలాడుతుంటేనే కంగారు పడాలి. వెయ్యి డాలర్లు దాటినదేదైనా రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ ఆఫ్ విక్టోరియా వంటి నిపుణుల కమిటీ సర్టిఫికెట్ లేకుండా కొనొద్దు. సర్టిఫికెట్ రాకపోతే డబ్బు తిరిగిస్తానని అమ్మేవారు రాసివ్వాలి.

పన్ను దగ్గర మీకు ఒక చిక్కు ఉంది. సొంత ఆనందానికి ఉంచుకున్న కలెక్టబుల్ (సేకరణ వస్తువు) అయితే, 500 డాలర్లు లేదా తక్కువకు కొన్నదాని మీద లాభం వచ్చినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, నష్టం వచ్చినా చూపించుకోలేరు. 500 దాటితే పన్ను ఉంది. ఏడాది దాటి ఉంచితే ఇక్కడి రెసిడెంట్లకు ప్రస్తుత నియమాల్లో సగం తగ్గింపు. నష్టం వస్తే ఇంకో కలెక్టబుల్ లాభంలోనే సర్దుకోవాలి, షేర్ల లాభంలో కుదరదు. బీమా, భద్రపరచిన ఖర్చులు కొన్న ధరకు కలపడానికీ వీల్లేదు. స్టాంపులు, ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్ర పడినవి) చట్టంలో పేరు పెట్టి ఉన్నాయి. స్టాంపే లేని 1835 ఉత్తరాన్ని వందేళ్లు దాటిన పురాతన వస్తువుగా చూడాలా అన్నది మీ అకౌంటెంట్‌తో ముందే తేల్చుకోండి. అసలు చిక్కు ఇది: పన్ను ఆఫీసుకు సరదా అనీ, ఇంట్లో పెట్టుబడి అనీ చెప్పలేరు. బాబు ఫీజుల కోసం కొన్నానంటే ఆ 500 మినహాయింపే ప్రశ్నార్థకం అవుతుంది.

సూపర్ ఫండ్ మాట మర్చిపోండి. అందులోని డబ్బు మామూలుగా 60 ఏళ్ల దాకా బయటకు రాదు. ఎనిమిదేళ్లకు మీకు 50. బాబు ఫీజు కట్టేదెలా? పైగా 2011 జులై నుంచి ఉన్న నియమాల ప్రకారం ఫండ్ కొన్న కలెక్టబుల్‌ను మీ ఇంట్లో, చివరికి గ్యారేజీలో కూడా ఉంచకూడదు, కొన్న ఏడు రోజుల్లో ఫండ్ పేరు మీద బీమా చేయించాలి, మీరు కొనుక్కోవాలంటే స్వతంత్ర వాల్యూయర్ చెప్పిన రేటే ఇవ్వాలి. ఆదివారం మధ్యాహ్నం ఆల్బమ్ తెరిచి చూసుకునే యోగం లేని సేకరణ ఎందుకు?

ఇక మీకు నేను చెప్పేది. 65 వేలు ఆఫ్‌సెట్‌లో అలాగే ఉంచండి. బాబు చదువుకు నెలనెలా వేరే డబ్బు పక్కన పెట్టండి, ఆఫ్‌సెట్‌లోనే అయినా సరే, లెక్క వేరుగా రాసుకోండి. ఆ తర్వాత జీతంలో మిగిలే దాంట్లో నెలకు 250, ఏడాదికి 3 వేలు సరదా ఖాతా. మొదటి ఏడాది అందులో 500 పుస్తకాలకు, క్లబ్ సభ్యత్వానికి, భూతద్దానికి, యూవీ టార్చికి. మిగతా 2,500తో ఆరేడు కవర్లకు మించొద్దు, విడివిడి బిల్లులతో. పీవీసీ తొడుగులు వాడొద్దు, అవి కాగితాన్ని పాడుచేస్తాయి, పాలియెస్టర్‌వి వాడండి. అప్పటి ఇనుము కలిసిన సిరా కాగితాన్ని కొరుకుతుంది కాబట్టి తేమ 50 శాతం దగ్గర ఉండేలా చూడండి, మడతలు పదే పదే విప్పకుండా లోపలి రాతను ఒక్కసారి ఫొటో తీసి మూసేయండి. ఇంటి బీమాలో సేకరణలకు పరిమితి ఎంతో పాలసీలో చూసి, దాటితే జాబితా ఇచ్చి చేర్పించండి.

మన వైపు పోగు కట్టాలని ఉంటే మద్రాసుకు వెళ్లినవి వెతకండి. పీ అండ్ ఓ ఆస్ట్రేలియా స్టీమరు సింహళంలోని గాల్ రేవులో టపా దింపేది, అక్కడి నుంచి కలకత్తా వెళ్లే స్టీమరు మద్రాసులో ఆగేది. న్యూ సౌత్ వేల్స్ నుంచి సైన్యం కోసం వేలర్ గుర్రాలు మద్రాసుకు దిగిన రోజులవి. బ్రిటన్‌కు వెళ్లిన వాటి కంటే ఇవి చాలా తక్కువ. అమ్మేటప్పుడు అటు ఆస్ట్రేలియా వాళ్లూ ఇటు భారత తపాలా చరిత్ర పోగుచేసేవాళ్లూ ఇద్దరూ పాటకు వస్తారు. ఓడ ఉత్తరాల్లో కొంచెమైనా గిరాకీ భద్రత అంటే ఇదే.

డీలరుకు ఇలా రాయండి: 60 కవర్లకూ రెండు వైపులా స్కాన్లు, ఒక్కోదానికి విడి రేటు, ఉన్న సర్టిఫికెట్ల కాపీలు పంపమని. పంపితే ఒకటి ఎంచుకుని దాని టపా రేటు, దారి, తేదీ లెక్క మీరే కట్టి చూడండి. లాటు విడగొట్టనంటే అక్కడితో వదిలేయండి.