పాప మాట్లాడదు, నాతో మాట్లాడేవాళ్ళు లేరు

ప్రశ్న: మాది గుంటూరు. మూడేళ్ళ కిందట మెల్‌బోర్న్ వచ్చాం, టార్నీట్‌లో ఉంటున్నాం. పాపకి 22 నెలలు. పురిటికి వచ్చిన అమ్మ ఆరు నెలలుండి వెళ్ళిపోయింది. మావారు పొద్దున వెళ్తే రాత్రికే రావడం. ఫోన్ పెట్టకపోతే పాప అన్నం తినదు. పది మాటలకు మించి రావు. 18 నెలల చెకప్‌లో నర్సు స్క్రీన్ తగ్గించమంది, ప్లేగ్రూప్‌కి వెళ్ళమంది. నా పెంపకం బాగాలేదని రాసుకుందేమో, ప్రభుత్వంవాళ్ళు పాపని తీసుకెళ్ళిపోతారేమో అని భయం. అత్తగారు నన్నే అంటారు. మావారు ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమంటారు. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఊరికే ఏడుపొస్తోంది.

జవాబు: అమ్మా, ముందు ఆ భయం సంగతి. ఫోన్ చూపించారనో, మాటలు ఆలస్యమయ్యాయనో అక్కడ పిల్లల్ని తీసుకెళ్ళరు. ఇలాంటి కథలు మనవాళ్ళ మధ్య బాగా తిరుగుతాయి, వాటిని నమ్మి చాలామంది తల్లులు నర్సు దగ్గర నోరు విప్పరు. మీ విక్టోరియా రాష్ట్రంలో పిల్లలు బడికి వెళ్ళేలోపు ఇలాంటి చెకప్‌లు పది ఉంటాయి, అన్నీ ఉచితం. స్క్రీన్ గురించి ఆమె అందరికీ చెప్పేదే మీకూ చెప్పింది. రెండేళ్ళలోపు అసలు వద్దని, ఆ తర్వాత ఐదేళ్ళ దాకా రోజుకి గంట దాటొద్దని అక్కడి సూచన. అమ్మమ్మతో వీడియో కాల్‌కి మాత్రం మొహమాటపడకండి. అవతల పలికే మనిషి ఉంది కదా.

గుంటూరులో అయితే పాపని ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు ఉప్పుమూట ఆడిస్తారు, పక్కింటావిడ పిలిచి ముద్ద పెడుతుంది. అడక్కుండానే జరిగిపోయే ఆ పనులన్నీ ఇప్పుడు మీ ఒక్కరి నెత్తిన పడ్డాయి. అక్కడా సాయం చేసేవాళ్ళున్నారు, కాకపోతే అడగాలి. ప్లేగ్రూప్ అలాంటిదే. పిల్లల్ని వదిలేసి వచ్చే చోటు కాదది, తల్లి కూడా కూర్చోవాలి. వారానికోసారి రెండు గంటలు. శిక్షణ ఉన్న మనిషి దగ్గరుండి నడిపించే ప్లేగ్రూపులూ ఉంటాయి, మీకు కుదురుతుందేమో నర్సునే అడగండి. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది. పాప ఏడుస్తుంది, మీకూ లేచి వచ్చేయాలనిపిస్తుంది. మూడోసారి కూడా వెళ్ళాకే ఏదైనా తేల్చుకోండి. లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పే కార్యక్రమానికి డబ్బులుండవు, అక్కడ మీరు ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు కూడా. బెరుగ్గా ఉంటే అక్కడే మొదలుపెట్టండి.

మీ వైపు తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో రెండు వందల మంది ఉంటారు, పార్కుకి రమ్మంటే ముగ్గురొస్తారు. ఆ ముగ్గురు చాలు. అయితే ఎవరి పిల్ల ఎన్ని రైమ్స్ చెప్పిందో లెక్కలేసే చోట మాత్రం కూర్చోకండి.

ఇంట్లో తెలుగే మాట్లాడండి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు ధారాళంగా వచ్చే భాషలోనే పాపకి ఎక్కువ మాటలు వినిపించగలరు. అక్కడ మూడేళ్ళకే కిండర్, అంటే బడికి ముందు చదువు, మొదలవుతుంది, ఇంగ్లిష్ అక్కడ వచ్చేస్తుంది. మీవారికి ఈ మాట చూపించండి. అలాగే శనివారం పార్కు డ్యూటీ ఆయనకి అప్పగించండి. ఆ రెండు గంటలూ వంట చేయకండి, నిద్రపోండి.

అత్తగారి మాటకి జవాబు చెప్పే ఓపిక మీకిప్పుడు లేదు. కాల్ వచ్చినప్పుడు ఫోన్ మీ వారికివ్వండి.

పాప మాటల విషయం మాత్రం వాయిదా వేయొద్దు. రెండేళ్ళకు సుమారు 50 మాటలు, రెండేసి మాటలు కలిపి అనడం చూస్తారు. పది మాటలంటే, రెండేళ్ళ చెకప్ దాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగండి. వినికిడి పరీక్ష కూడా అడగండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెబితే ఏర్పాటు చేస్తారు, మీరు డబ్బు కట్టనక్కర్లేదు. రాత్రిపూట సందేహమొస్తే 13 22 29కి చేయండి, 24 గంటలూ నర్సులుంటారు. ఇంగ్లిష్‌కి జంకితే ముందు 131 450కి చేసి 'తెలుగు' అనండి, మధ్యలో ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి ఆ నర్సులకు కలుపుతారు. మీ ఏడుపు గురించి కూడా చెకప్ చేసే నర్సుకి, మీ జీపీకి (మామూలుగా చూపించుకునే డాక్టరుకి) చెప్పండి. పాపకి సంబంధం లేని విషయం కదా అని దాచుకోకండి.

వెళ్ళేముందు పాప అనే మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తెలుగువీ, ఇంగ్లిష్‌వీ కలిపి. 'బువ్వ', 'తాత' సరే, పిల్లిని చూసినప్పుడల్లా 'మియ్యావ్' అంటుంటే అదీ రాయండి. అదీ లెక్కలోకే వస్తుంది.