ఎండిన మామిడి మొద్దు మీద మొలిచిన ఈ తెల్లని పుట్టగొడుగు ఏమిటి?

పెరట్లో పడి ఉన్న మామిడి మొద్దు మీద చిన్న చిన్న విసనకర్రల్లా తెల్లని పుట్టగొడుగులు గుంపుగా మొలిచాయని, కాడ లేదని, పైన నూగు ఉందని రాశారు. అవేమిటో, తినవచ్చో లేదో చెప్పమన్నారు. మీ వర్ణనను బట్టి అవి స్ప్లిట్ గిల్ అయి ఉండాలి. శాస్త్రీయ నామం షైజోఫిల్లమ్ కమ్యూనే. కానీ పైభాగం చూసి తేల్చుకోకండి, ఒకదాన్ని కోసి వెల్లకిలా తిప్పండి.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. గాలివానకు కూలిన మామిడిచెట్టును కోయించి, మొద్దులను పశువుల పాక పక్కన పేర్పించాం. తొలకరి పడ్డాక వాటి నిండా ఇవే. తినే ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులనుకుని గిన్నె నిండా కోశాను. "పేరు తెలియనిది పొయ్యి ఎక్కదు" అని అమ్మ ఆపింది. ఆమె ఆపినందుకు ఈనాటికీ కృతజ్ఞుణ్ణి.

ఆ సాయంత్రం భూతద్దం పెట్టి అడుగుభాగం చూశాను. మొదలు నుంచి అంచు దాకా పరచుకున్న లేత గులాబీ, బూడిద రంగు రేకులు. ఒక్కో రేకు అంచు పొడవునా రెండుగా చీలి, చీలిన పెదవులు చెరో పక్కకు వంపు తిరిగి ఉన్నాయి. ఈ చీలికే దీని గుర్తు. గాలిలో తేమ తగ్గితే ఆ పెదవులు ముడుచుకుని, బీజాలు పుట్టే పొరను కాపాడతాయి. వేసవి అంతా అట్టపెట్టెలో ఉంచిన ముక్క ఎండి గట్టిపడింది. తడిగుడ్డలో చుట్టి పెడితే కొన్ని గంటల్లో రేకులు విచ్చుకున్నాయి. అంత అందమైన దృశ్యం మా పెరట్లో మరొకటి చూడలేదు.

ముత్యపు చిప్ప కండగా, మెత్తగా, పెద్దగా ఉంటుంది, దాని రేకులు చీలవు. ఇది సాధారణంగా 1 నుంచి 4 సెంటీమీటర్లే, తోలులా సాగుతుంది. అడుగున రేకులకు బదులు సన్నని రంధ్రాలుంటే అది వేరే జాతి. తాజా ముక్కను నల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. స్ప్లిట్ గిల్ అయితే తెల్లని బీజాల పొడి రాలుతుంది. గోధుమరంగు పొడి రాలితే అది కాదు.

మణిపుర్‌లో దీన్ని కాంగ్లాయెన్ అని పిలిచి వండుకుంటారు. అయినా ఫొటో చూసి, మాట విని తినకండి. నా మాట విని కూడా వద్దు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడవద్దు. అరుదుగానైనా, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో దీని బీజాలు సైనస్‌లలో, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తెచ్చిన సందర్భాలున్నాయి.

పక్కన రూపాయి నాణెం పెట్టి అడుగుభాగం ఫొటో తీసి పంపండి. కాగితం మీద రాలిన పొడి రంగు కూడా రాయండి.