లైబ్రరీ లోడ్ కావట్లేదని ప్రాజెక్టు వదిలేయాలా?

ప్రశ్న: సార్, మాది పాలకొల్లు. భీమవరంలో సీఎస్ఈ ఫైనలియర్ చదువుతున్నాను. రొయ్యల చెరువుల్లో నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్లు ఎప్పుడు వేయాలో చూసుకునే అప్లికేషన్ సీ లాంగ్వేజ్‌లో రాస్తున్నాను. రూల్స్ రైతే మార్చుకునేలా లోపల లువా 5.4 (ఇంకో ప్రోగ్రాం లోపల పెట్టుకోగల చిన్న స్క్రిప్టింగ్ లాంగ్వేజ్) పెట్టాను. లువా.ఎగ్జీలో చక్కగా నడిచే స్క్రిప్టు నా అప్లికేషన్‌లో మాత్రం "మాడ్యూల్ సాకెట్ నాట్ ఫౌండ్" అంటోంది (సాకెట్ అంటే నెట్‌వర్క్ పనులకి వాడే లైబ్రరీ). నెట్‌లో దొరికిన ఫైళ్లు తెచ్చి పక్కన పెడితే "ద స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్" అని ఇంకో ఎర్రర్. ఫ్రెండ్సేమో రెడీమేడ్ ప్రాజెక్టు కొనేసుకుని ఫుల్ స్టాక్ కోర్సులో చేరిపొమ్మంటున్నారు. ఇంట్లో నాన్నకి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ప్రాజెక్టు మాత్రం కొనకు. నువ్వు ఎంచుకున్న పద్ధతి సరైనదే. రాత్రంతా చెరువులో నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున బాగా పడిపోతుంది, ఒక రైతు ఆక్సిజన్ 4 పీపీఎం దగ్గర ఏరేటర్ వేస్తే చాలంటాడు, పక్క చెరువాయన 5 దగ్గరే వేయాలంటాడు, అలా అన్నప్పుడల్లా సీ కోడ్ మార్చి మళ్లీ బిల్డ్ చేసి పట్టుకెళ్లలేవు కదా. రెడిస్, వైర్‌షార్క్, నియోవిమ్ లాంటి పేరున్న సాఫ్ట్‌వేర్ల లోపల లువా ఉన్నది, బ్లెండర్ లోపల పైథాన్ ఉన్నది ఇలాంటి అవసరానికే.

ఇక ఎర్రర్. మొదటి లైను చూసి ఆగిపోయి ఉంటావు, దాని కింద "నో ఫైల్" అంటూ వరసగా లైన్లు ఉంటాయి చూడు, లువా ఏయే ఫోల్డర్లలో వెతికిందో అక్కడే చెబుతోంది. విండోస్‌లో ఈ దారులు చాలావరకు నడుస్తున్న ఎగ్జీ ఉన్న ఫోల్డర్ నుంచే మొదలవుతాయి. లువా.ఎగ్జీ నడిపితే దాని ఫోల్డర్, నీ అప్లికేషన్ నడిపితే నీ ఫోల్డర్. అందుకే అక్కడ దొరికింది ఇక్కడ దొరకలేదు. స్క్రిప్టు మొదట్లో ప్యాకేజ్.పాత్, ప్యాకేజ్.సీపాత్ రెండూ ప్రింట్ చేయించు. మొదటిది లువా ఫైళ్లని వెతికే దారి, రెండోది డీఎల్ఎల్‌లని (ముందే బిల్డ్ చేసి ఉంచిన విండోస్ లైబ్రరీ ఫైళ్లని) వెతికే దారి. సాకెట్‌కి రెండూ కావాలి, ఎందుకంటే సాకెట్.లువా లోపల సాకెట్.కోర్‌ని పిలుస్తుంది, అది సాకెట్ ఫోల్డర్‌లో కోర్.డీఎల్ఎల్‌గా ఉండాలి.

రెండో ఎర్రర్‌తో చాలామంది బోల్తా పడతారు. ఫైలు కళ్లెదురుగా ఉంటే లేదంటుందేమిటి అనుకుంటారు. లేనిది ఆ ఫైలు కాదు, అది ఆధారపడే ఇంకో డీఎల్ఎల్. నెట్‌లో తెచ్చింది లువా 5.1 కోసం బిల్డ్ చేసినదైతే అది లువా51.డీఎల్ఎల్ కోసం వెతుకుతుంది, నీ దగ్గర ఉన్నది 54. దాన్ని కూడా ఎక్కణ్నుంచో తెచ్చి పడేస్తే ఒకే ప్రోగ్రాంలో రెండు లువాలు చేరి, ఎక్కడో సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది. 5.4కి బిల్డ్ చేసిన సాకెట్టే తీసుకో, నీ ఎగ్జీలోకి లువాని స్టాటిక్‌గా కలిపేయకుండా ఎగ్జీ, సాకెట్ రెండూ ఒకే లువా54.డీఎల్ఎల్ వాడేలా చూడు, ఆ డీఎల్ఎల్‌ని ఎగ్జీ పక్కనే పెట్టు. ఎర్రర్ నంబరు 193 వస్తే మాత్రం సాధారణంగా 32 బిట్, 64 బిట్ కలగాపులగం అయ్యాయని అర్థం. అప్పటికీ తేలకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రాసెస్ మానిటర్ ఉచితంగా దొరుకుతుంది, నీ ఎగ్జీ పేరుతో ఫిల్టర్ పెట్టు, ఏ ఫైలు కోసం ఎక్కడెక్కడ తిరిగి ఉత్తచేతులతో వచ్చిందో లైను లైనుగా కనిపిస్తుంది. లినక్స్ మీద అయితే ఏ లైబ్రరీ దొరకలేదో ఎల్‌డీడీ కమాండ్ చెబుతుంది.

ఇప్పుడు ఉద్యోగం మాట. క్యాంపస్‌కి వచ్చే పెద్ద కంపెనీలు లువా తెలుసా అని అడగవు, ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలే పెడతాయి, కాబట్టి రోజూ పొద్దున వాటి ప్రాక్టీసు మానొద్దు. కానీ ఇంటర్వ్యూలో "ప్రాజెక్టులో నీకు ఎదురైన కష్టం చెప్పు" అన్నప్పుడు కొనుక్కున్నవాడు నీళ్లు నములుతాడు. నువ్వు పై రెండు ఎర్రర్ల తేడా చెప్పగలిగితే ఎదుటివాడు కుర్చీ ముందుకి జరుపుకుని ఇంకో ప్రశ్న వేస్తాడు. రెజ్యూమెలో కూడా "లువా తెలుసు" అని రాయకు, ఏం చెడింది, ఎలా కనిపెట్టావు అన్నది రెండు లైన్లలో రాయి.

ఫుల్ స్టాక్ చెడ్డదేం కాదు, వెబ్ పని ఇష్టమైతే పరీక్షలయ్యాక నేర్చుకో. భయంతో మాత్రం ఇప్పుడే ఫీజు కట్టొద్దు, నాన్నగారికి నా మాటగా ఇదే చెప్పు. ఇవన్నీ చూశాక కూడా లోడ్ కాకపోతే ఎర్రర్ మొత్తం, ఆ రెండు పాత్‌లతో సహా, టెక్స్ట్‌గా కాపీ చేసి పంపు. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో వద్దు, అందులో కింది లైన్లు కనిపించవు.