బాత్రూం గ్రౌట్ కోసం డిపాజిట్ తీసేయాలా?

ప్రశ్న: భీమవరం దగ్గర పల్లెలో మాది పాతికేళ్ల నాటి ఇల్లు. 8×5 అడుగుల బాత్రూం కొత్తగా చేయిస్తున్నాం. గోడకు 300×600, నేలకు 300×300 మి.మీ. టైల్స్ కొన్నాం. గ్యాప్ లేకుండా అతికిస్తే చూడ్డానికి బాగుంటుంది, సందుల్లో నింపే గ్రౌట్ ఖర్చూ తగ్గుతుందంటున్నాడు మేస్త్రి. షాపువాళ్లేమో ఎపాక్సీ గ్రౌట్ 5 కేజీల ప్యాక్‌లు నాలుగు, ఒక్కోటి 3,000 చొప్పున రాసిచ్చారు. మొత్తం మీద 25,000 తక్కువ పడుతోంది. రెండేళ్లకు 7 శాతం వడ్డీకి వేసిన 2 లక్షల డిపాజిట్‌కి 11 నెలలైంది. తీసేయమంటారా?

జవాబు: తీయొద్దండీ. ముందు ఆ 25,000 సంగతి చూద్దాం. అందులో 9,000 అసలు అక్కర్లేదు.

టైల్ పొడవు, వెడల్పు కూడి, ఆ రెండింటి గుణకారంతో భాగించండి. దాన్ని టైల్ మందంతో, గ్యాప్‌తో, చివరికి 1.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని కేజీల గ్రౌట్ కావాలో వస్తుంది. కొలతలన్నీ మి.మీ.లోనే ఉండాలి. మందం 9 అనుకుందాం. నేలకు 3 మి.మీ. గ్యాప్ అయితే 0.29 కేజీ, 3.7 చదరపు మీటర్లకు కేజీ పైచిలుకు. గోడకు 2 మి.మీ. గ్యాప్ అయితే 0.14 కేజీ. ఏడడుగుల ఎత్తున తలుపు పోగా 15 చదరపు మీటర్లకు 2.2 కేజీలు. వృథా కలిపినా నాలుగు కేజీలు దాటదు. ఒక్క ప్యాక్ చాలు.

ఆ ఒక్క ప్యాక్ మాత్రం ఎపాక్సీయే తీసుకోండి. మీ వైపు బోరు నీళ్లలో ఉప్పెక్కువ. టైల్స్ మీద తెల్లపొర కడుతుంది, దాన్ని వదిలించడానికి ఇంట్లో యాసిడ్ పోస్తారు. ఆ యాసిడ్ సిమెంట్ గ్రౌట్‌ని తినేస్తుంది, సందుల్లోంచి నీళ్లు కిందికి దిగుతాయి. ఎపాక్సీ దీన్ని చాలావరకు తట్టుకుంటుంది.

గ్యాప్ విషయంలో మేస్త్రి మాట పక్కన పెట్టండి. ఒకే పెట్టెలోని టైల్స్ కూడా కొలతలో కొద్దిగా తేడా వస్తాయి. పైగా డెల్టా నల్లమట్టి వానల్లో ఉబ్బి, ఎండల్లో కుంగుతుంది, దాంతోపాటు ఇల్లూ కదులుతుంది. అంచుకు అంచు ఆనిన టైల్స్ ఒకదాన్నొకటి తోసుకుని అంచులు పెచ్చులూడతాయి, లేదా మధ్యలో పైకి లేస్తాయి. వెంట్రుకవాసి సందులోకి గ్రౌట్ దిగదు గానీ నీళ్లు మాత్రం దిగుతాయి. గ్రౌట్ పెట్టేముందు స్పేసర్లు (గ్యాప్ కోసం టైల్స్ మధ్య పెట్టే చిన్న ముక్కలు) పీకించి, సందులోకి పొంగిన సిమెంట్ గీకించండి. గోడ నేలను కలిసే మూలలో గ్రౌట్ వద్దు, సిలికాన్ సీలెంట్ పెట్టించండి.

ఎపాక్సీ చెడేది కలిపే దగ్గరే. రెసిన్ (జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది), పొడి, ఈ మూడూ ప్యాక్ మీద రాసిన పాళ్లు తప్పకూడదు. కంటికి అందాజుగా కొంచెం కొంచెం కలిపితే కొన్నిచోట్ల జిగురుగానే ఉండిపోతుంది. ఎండాకాలం ఇంకా త్వరగా బిగుస్తుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టించండి. టైల్ మీద అంటిన జిడ్డుని వెంటవెంటనే తడి స్పాంజితో తుడవాలి. బిగిశాక గీకితే టైల్ పాలిష్ పోతుంది. ఈ పనికి కూలి వేరుగా అడుగుతారు, చదరపు అడుగుకి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఎంత మంచి గ్రౌట్ అయినా వాటర్‌ప్రూఫింగ్ అనుకోవద్దు. టైల్స్ వేయకముందు వాటర్‌ప్రూఫ్ పూత వేయించి, 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడండి. మేస్త్రికి ఇవ్వాల్సిన దాంట్లో పదో వంతు, పనయ్యాక నీళ్లు పోసి వాటం చూసేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక మిగిలిన కొరత 16,000. డిపాజిట్ ఇప్పుడు తీస్తే ఉంచిన కాలానికి తగ్గ రేటే ఇస్తారు. పైగా జరిమానా 1 శాతం ఉంటే, 11 నెలలకు సుమారు 1,830 పోతుంది. అదే డిపాజిట్ మీద అప్పు తీసుకుంటే, వడ్డీ సాధారణంగా మీ డిపాజిట్ రేటు కంటే 1 నుంచి 2 శాతం ఎక్కువ. 8 శాతమైతే ఆరు నెలలకు 640. నెలకు 2,700 చొప్పున తీర్చుకుంటూ పోతే అంత కూడా కాదు, డిపాజిట్‌కి 7 శాతం నడుస్తూనే ఉంటుంది.